తీసేసిన గొంతు

ఇది పనివారం ఏడో రోజు సంగతి. నారాయణఖేడ్‌లో బస్ డిపో వెనుక, కృప వాళ్ల నాన్న కట్టించిన పెంకుటింట్లో నలుగురు కలిసి పది రోజులు ఎవరి పని వాళ్లు చేసుకోవడానికి చేరారు. దానికి కృప పెట్టిన పేరు పనివారం. పది రోజుల్ని వారం అనడమేమిటని థామస్ మొదటి రోజే అడిగాడు.

థామస్‌ది కల్హేర్. చర్చిలో కీబోర్డు వాయిస్తూ పాటలు కడతాడు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే సౌందర్య జహీరాబాద్ నుంచి వచ్చింది. వినోద సిద్దిపేట మనిషి. ఇంట్లో ఒక చిన్న గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కథల చానెళ్ల రికార్డింగులు శుభ్రం చేసి ఇవ్వడం ఆమె పని. పదకొండేళ్లుగా ఒక్కతే చేస్తోంది. ఆమె పేరు ఏ వీడియో కిందా ఉండదు. చానెల్ వాళ్ల నుంచి వచ్చే మాటలు రెండే: "అందింది", "తర్వాతది పంపండి".

అందుకే ఆరో రోజు సాయంత్రం ఆమెకు అంత పెద్దదైంది. నాగల్‌గిద్ద అక్కమ్మ చెప్పిన కథను కృప రెండేళ్ల కిందట రికార్డు చేసి ఉంచింది. దాన్ని వినోద శుభ్రం చేసి వినిపించగానే ముగ్గురూ చప్పట్లు కొట్టారు. ఈ ఇంట్లో ఒకరి పనిని ఇంకొకరు బాగుంది అనకూడదు, బాగాలేదు అనకూడదు, ఏం చూశారో ఏం విన్నారో అదే చెప్పాలి అని నియమం పెట్టింది కృప. ఆ నియమాన్ని మొదట తప్పింది కూడా కృపే. "చానా బాగుంది వినోదా" అంది. మర్నాడే అక్కమ్మను పిలిపించి వినిపించాలని అనుకున్నారు.

ఆ మర్నాడు ఇది.

అక్కమ్మ పది గంటల బస్సుకు దిగింది. డెబ్బై దాటిన మనిషి. చీర కుచ్చిళ్లు మోకాళ్ల కిందిదాకా ఎత్తి చెక్కుకుంది. జాకెట్టుకు రెండు పిన్నీసులు, అందులో ఒకటి ఉత్తదే, అవసరానికని. ఎరువుల సంచిని కోసి కుట్టిన చేతిసంచి నిండా పచ్చి కందికాయలు తెచ్చింది.

"ఇగో, లేతగున్నయి. ఉప్పేసి ఉడకపెట్టుకోర్రి," అని సంచి సౌందర్య చేతిలో పెట్టి ఆమెను పైనుంచి కిందికి చూసింది. "బొమ్మలేసే పిల్లవు నువ్వేనా? నన్ను గూడ ఏసినవంట. చూపెట్టు."

సౌందర్య లోపలికి పోయి అట్ట తెచ్చింది. జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకలకు కథ చెబుతున్న ముసలమ్మ బొమ్మ అది. అక్కమ్మ చెప్పిన కథలో ఉన్నది ఆ ముసలమ్మే, మొహం మాత్రం కృప ఫోన్‌లోని ఫోటో చూసి వేసిన అక్కమ్మదే.

"ముక్కు పెద్దగేసినవ్," అంది అక్కమ్మ.

"నీ ముక్కు గంతే ఉన్నదవ్వా."

"ఉంటె? జర చిన్నగెయ్యరాదా. నీ చేతుల పనే గద."

"అవ్వా," అని అందుకున్నాడు థామస్, "గీ ఇంట్ల ఎవ్వలు మంచిగుంది, మంచిగలేదు అనొద్దు. కృపక్క రూలు. ఏం చూసినవో గదే చెప్పాలె."

"ముక్కు చూసిన. గదే చెప్పిన."

అందరూ నవ్వారు. వినోద కూడా నవ్వింది. ఆ నవ్వులో తనూ ఉండటం ఆమెకు ఇంకా కొత్తగానే ఉంది. ఈ ఏడు రోజుల్లోనే ఆమె తన పని మాటలు అన్నం తింటూ ఇంకొకరితో మాట్లాడటం నేర్చుకుంది. ఇంట్లో భర్త మంచివాడే. పిల్లలూ మంచివాళ్లే. కానీ ఒక ముసలాయన దగ్గును ఆయన మాట చెడకుండా ఎలా తీసిందో చెబితే సంతోషపడే మనిషి ఆ ఇంట్లో లేరు.

అక్కమ్మను కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. చాప మీద గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. వినోద తన హెడ్‌ఫోన్లు తెచ్చి ఆమె చెవులకు పెట్టింది.

"ఎద్దుకు చిక్కం కట్టినట్టున్నది," అంది అక్కమ్మ, ఇంట్లో అందరికీ వినపడేంత గట్టిగా. చెవులు మూసుకున్నాయి కదా, తన గొంతు తనకు తెలియడం లేదు.

వినోద మీట నొక్కి, ఆమె మొహం చూస్తూ కూర్చుంది.

మొదట అక్కమ్మ నవ్వింది. తన గొంతు తనకు వినబడితే అందరూ నవ్వే నవ్వే అది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఎడమ చెవి మీది గిన్నెను ఎత్తి చూసి, మళ్లీ పెట్టుకుంది. కుడిది ఎత్తింది. ఇంకా కొంచెం విని, రెండూ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"గిది సగమే వినొస్తుంది," అంది. "ఇంకోటి పని చేస్తలేదు."

"రెండూ పని చేస్తున్నయవ్వా. మొత్తం కథ ఉన్నది."

"ఏడున్నది? నేనొక్కదాన్నే చెప్తున్న. నా రామి ఏది?"

వినోదకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది.

ఆ రికార్డింగులో ఇంకో గొంతు ఉంది. అక్కమ్మ ప్రతి మాటకూ "ఊ" అనే గొంతు. నడుమ నడుమ "గట్లనా?" అని, "అయ్యో, మరి చిలక?" అని అడిగే గొంతు. కొన్నిచోట్ల అక్కమ్మ మాట మీదికే వచ్చి పడింది. వినోద లెక్కలో అది పక్కగొంతు. దగ్గు, కుర్చీ కిర్రుమనడం, బయట బండి హారన్, ఊపిరి తీసిన చప్పుడు, పక్కగొంతు. అన్నీ ఒకే జాబితా. మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటీ పట్టుకుని, మచ్చ లేకుండా తీసింది. ప్రశ్నలు పోతే జవాబులు వేలాడతాయి కనుక, వాటినీ కత్తిరించి అతుకు తెలియకుండా కలిపింది. నలభై ఒక్క నిమిషాల కథ ఇరవై ఎనిమిది నిమిషాలైంది. "ఆమె మాటలు కోసేసిన అవ్వా," అంది.

"ఊ కొట్టేటోళ్లు లేకుంట ఎవలన్న కథ చెప్తరా?" అక్కమ్మ కోపంగా అనడం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. "గోడకు చెప్తరా? అది ఊ అంటెనే నాకు ముందటి మాట యాదికొస్తది. నలభై ఏండ్లు బిడ్డా. కలుపు తీసేకాడ నాదొక సాలు, పక్క సాలు దానిది. నేను చెప్పుడు, అది 'చెప్పే అక్కీ' అని ఊ కొట్టుడు. చెయ్యి నొచ్చుడు గూడ ఎరుక కాకపోతుండె. మా ఇంట్ల ప్రార్థన, వాళ్లింట్ల పోచమ్మ. అయినా పండుగకు ముందుగాల తినేది ఒకళ్లింట్ల ఒకళ్లం."

"రామవ్వ," అని కృప మెల్లగా మిగతావాళ్లకు చెప్పింది. "పోయిన చలికాలం పక్షవాతం వచ్చింది."

"కుడిచెయ్యి పడిపాయె, నోరు పడిపాయె," అంది అక్కమ్మ. "కండ్లతోనే చూస్తది. దవాఖానల చెప్పిండ్రు, ఎరుకున్న గొంతులు వినిపియ్యుర్రి, మెల్లమెల్లగ మాట మళ్లినా మళ్లొచ్చు అని. నేను దినాం పోయి కూసుంట. చెప్పిన కథనే చెప్త. నా గొంతు వింటది. దాని గొంతు దానికేడిది? నిన్న కృపమ్మ ఫోన్ జేస్తె ఉరికిన రామి కాడికి. నీ గొంతు డబ్బల ఉన్నదే, రేపు తెస్త అని చెయ్యి మీద చెయ్యేసి చెప్పొచ్చిన. మంచంల పడ్డంక దాని మొహం ఒక్కసారన్న గట్ల చూడలే నేను."

హెడ్‌ఫోన్లు వినోద వైపు చాపింది.

"కోయంది ఉంటది గద. గది పెట్టు బిడ్డా."

వినోద వాటిని అందుకోలేదు. ఆమె మొహం చూసి సౌందర్యకు ఏదో తెలిసిపోయినట్టుంది. గబగబా అంది. "అవ్వా, గా రికార్డింగు ఉన్న కార్డు మొన్నటి సంది జర సతాయిస్తుంది. పాడైనట్టుంది. చూద్దాం..."

అది స్నేహంతో అన్న అబద్ధం. పట్టుకుని వేలాడితే వినోద ఆ పూటకు ఒడ్డెక్కేదే. అక్కమ్మకు కార్డులేం తెలుస్తాయి? కృపకు మాత్రం ఏం తెలుస్తుంది? ఇంకో మూడు రోజులు ఇదే ఇంట్లో, ఇదే చాప మీద, ఈ మనుషుల మధ్య అన్నం తినొచ్చు. అదంతా వినోద మనసులో తిరిగింది. తిరగలేదని చెబితే నేను అబద్ధం రాసినట్టే.

"కార్డు మంచిగనే ఉంది సౌందర్యా," అంది. "నేనే తీసేసిన."

"అంటే?"

"కోసినంక అసలుది ఉంచను. మా చానెల్ పని దినాం వస్తది. లాప్‌టాప్‌ల జాగ ఉండదు. ఏ రోజుది ఆ రోజు తీసేసుడు అలవాటు. కార్డు గూడ ఖాళీ చేసి థామస్‌కిచ్చిన. ఆయన దాని మీద మూడు గంటలు క్వయర్ పాటలు రికార్డు చేసిండు. ఇగ లేదవ్వా. ఏడ లేదు."

అక్కమ్మ ఆమెనే చూస్తోంది.

"రామిని ఎందుకు తీసినవ్?"

"అడ్డమొస్తుందనుకున్న."

"ఎవలికి?"

వినేవాళ్లకు అనొచ్చు. కానీ ఎవరు ఆ వినేవాళ్లు? వినోద వాళ్లనెప్పుడూ చూడలేదు.

అక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు, చెమట తుడుచుకున్నట్టే తుడుచుకుంది. కాసేపటికి ఇంకో సంగతి యాదికొచ్చి తలెత్తింది.

"గా దినం కథ నడుమల మేకలు కంది కుప్ప మీద వడ్డయి. నేను, కృపమ్మ ఇద్దరం ఉరికినం కొట్టనీకె. రామి ఒక్కతే ఉండె డబ్బ కాడ. మేం మళ్లొచ్చేటాలకు డబ్బతోని ఏందో మాట్లాడుతుండె. నన్ను చూసి గమ్మునైంది. ఏందే అంటె నవ్వి ఊకుంది. గది గూడ ఉండెనా?"

"ఉండె. నాలుగు నిమిషాలు."

"ఏమన్నది?"

మొదటి తప్పు ఎవరైనా క్షమిస్తారు, అది అలవాటు. ఇది వేరు.

"నేను వినలే అవ్వా."

"వినకుంట ఎట్ల కోసినవ్?"

లాప్‌టాప్ తిప్పి చూపించింది. తెర మీద అక్కమ్మ గొంతు ఆకుపచ్చ రంగులో కొండలు కొండలుగా పడి ఉంది. "మాట ఇట్ల కనబడుతది. ఎవల గొంతు ఎట్లుంటదో చూస్తె తెలిసిపోతది నాకు. నీదానికి ఎత్తు ఎక్కువ. గామెది సన్నగ, కిందికి ఉంటది. నాలుగు నిమిషాలు నీది లేకపాయె, అన్ని సన్నటియే ఉండె. కథ కాదనుకున్న. చూసి, గంత పొడుగు ఒక్కసారే తీసేసిన."

అక్కమ్మ ఆ కొండల్ని చాలాసేపు చూసింది. తన గొంతు అదేనని నమ్మినట్టు లేదు.

"వినోద ఒక్కదాని తప్పు కాదు," అంది కృప. ఆమె అప్పటిదాకా కిటికీ దగ్గరే నిలబడి ఉంది. "కథ తప్ప వేరే ఏదీ ఉంచొద్దని చెప్పింది నేనే. రెండేండ్లు నా దగ్గర పెట్టుకుని నేను గూడ ఒక్కసారన్న మొత్తం వినలే. అనేదుంటె నన్నను అక్కమ్మవ్వా."

"ఎవల్నని ఏం జేస్త," అంది అక్కమ్మ లేస్తూ. "కాయలు ఉడకపెట్టుర్రి, వాడిపోతయి. నేను రెండు గంటల బస్సుకు పోత." వెనుక వసారాలోకి పోయి, బట్టలుతికే రాయి మీద కూర్చుంది. ఇంటికి వీపు పెట్టి.

*

సౌందర్య గదిలోకి వచ్చేసరికి వినోద పెట్టె సర్దుతోంది. చీరలు మడత పెట్టే తీరులో కూడా ఆమెకు పట్టింపు ఉంది, అంచుకు అంచు కలవాలి. ఇప్పుడు ఉండలు చేసి కుక్కుతోంది.

"ఏడికి?"

"ఇంటికి."

"సంగారెడ్డి బస్సు ఇప్పుడే పాయె. ఇంకోటి ఒంటిగంట దాటినంక."

"డిపోల కూసుంట."

సౌందర్య పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది. ఆమె లావు మనిషి. "ఇగ గుంజుకో," అంది.

"లే సౌందర్యా."

"లేవ. కార్డు పాడైందని నేను సక్కగ చెప్తుంటె, మధ్యల దూరి నిజం చెప్పినవ్. నన్ను అబద్ధాలకోరును చేసినవ్. గిప్పుడు నన్ను ఒక్కదాన్ని గీ ఇంట్ల ఇడిసిపెట్టి పోతవా?"

వినోదకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. మంచం అంచున కూలబడింది. థామస్ గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతిలో ఆ చిన్న కార్డు ఉంది.

"దీన్ల పాతది ఏమన్న మిగిలిందేమో అని సాఫ్ట్‌వేర్ ఏసి చూసిన. నా క్వయరే ఉన్నది. ఖాళీ చేసి జల్దీ ఇయ్యి అని నీ నెత్తి మీద కూసుంది నేను. పాపం నాదే."

"రూలు పెట్టి రూలు తప్పింది కృపక్క, పాపం ఆమెది," అంది సౌందర్య. "చప్పట్లు కొట్టింది నేను, నాది గూడ. మొత్తానికి గీ ఇంట్ల మేకలొక్కటే మంచియి."

"చప్పట్లే," అంది వినోద. "గా చప్పట్ల కోసమే జేసిన నేను. మామూలుగైతే గింత కొయ్య. పక్కగొంతు మాటలు రెండో మూడో ఉంచుత. మీరందరు ఉన్నరు, వింటరు, ఒక్క గీత గూడ ఉండొద్దు అనుకున్న. పదకొండేండ్లల్ల నా పనికి ఎవ్వలు చప్పట్లు కొట్టలే."

"తిట్టినోళ్లు గూడ లేరు గద?"

"లేరు."

"ఇప్పుడు మేం తిడతం. తిన్నంక తిడతం. రొట్టెలు చేసే వంతు కృపక్కది, మాడ్చకుంట చేస్తదో లేదో." సౌందర్య ముందుకు వంగింది. "గానీ ముందుగాల చెప్పు. నాకు నీ పని తెల్వది. మొదటి సంది చెప్పు, కృపక్క కార్డిచ్చింది, నువ్వు లాప్‌టాప్‌ల పెట్టినవ్. తర్వాత?"

"ఏం లాభం?"

"లాభం సంగతి నాకెందుకు, చెప్పు."

వినోద ముక్కు తుడుచుకుంది. "మొత్తం ఒకసారి డబల్ స్పీడ్‌ల వదిలిపెడత."

"ఊ."

"అప్పుడు వినను, తెర మీద చూస్త. ఏడ చప్పుడెక్కువ ఉందో గుర్తులు పెడత."

"ఊ. తర్వాత?"

"తర్వాత గది చప్పుడు తీసెయ్యాలె. ఏ గదికైనా ఒక చప్పుడుంటది. ఫ్యాన్‌దో, గాలిదో. గా చప్పుడు ఒక్కటే ఉన్న ముక్క వెతికి, గిది చప్పుడు అని మిషన్‌కు చూపిస్త. అది మొత్తంల నుంచి గసొంటిది తీసేస్తది."

"మాట లేని ముక్క ఏడ దొరుకుతది? అక్కమ్మవ్వ ఆగకుంట చెప్తది గద."

"అక్కమ్మవ్వ మాటల నడుమ దొరకలే. గా నాలుగు నిమిషాలల్ల..." వినోద ఆగిపోయింది. "గా నాలుగు నిమిషాలల్ల ఒక్కకాడ గీత సాఫుగ ఉండె. గది తీసుకున్న. ఆరు సెకన్లు."

"ఊ?"

"గా ముక్కను వేరే దాచి పెడత. అదే ఇంట్ల మళ్ల రికార్డు జేస్తె పనికొస్తదని." ఆమె లేచి నిలబడింది. "దాన్ని తీసెయ్యలే. అది వేరే ఫోల్డర్‌ల ఉంటది. దాంట్ల మాట ఉండదు సౌందర్యా, గీత సాఫుగ ఉన్నదనే తీసుకున్న. ఉత్త గది చప్పుడే."

"నువ్వు విన్నవా?"

వినోద లాప్‌టాప్ తెరిచింది.

ఫైలు ఉంది. దాని మీద ఆమె పెట్టిన పేరు "నాగల్‌గిద్ద గది". మీట నొక్కితే ఏమీ వినబడలేదు, వాన దూరంగా పడుతున్నట్టు ఒక హోరు. థామస్ లోపలికి వచ్చేశాడు. చెప్పులు విడిచిన సంగతి ఇప్పుడు పనికొచ్చింది. "పెంచు," అన్నాడు. వినోద శబ్దం పెంచింది. హోరూ పెరిగింది. హోరు కింద ఏదో ఉంది. కింది మోతను తగ్గించి, నడిమి దాన్ని పైకి లాగింది. పదకొండేళ్లు మాటను కాపాడటానికి చప్పుడును తీసిన చేతులవి. ఈసారి చప్పుడు అనుకున్నదాన్ని కాపాడుకుంటూ, చాలా మెల్లగా, ఒక్కో పొర.

నాలుగోసారి నొక్కగానే అది గుసగుస అని తెలిసింది. ఆడమనిషి. పళ్లు లేని నోటి గుసగుస.

సౌందర్య అప్పటికే వసారా వైపు నడిచింది. "అక్కమ్మవ్వా! రా, జల్దీ రా!"

*

హాల్లో థామస్ తన పెద్ద స్పీకరుకు తీగ కలిపాడు. అక్కమ్మ దాని ముందు, చర్చిలో కూర్చున్నట్టు కొంగు తల మీదికి కప్పుకుని కూర్చుంది. రొట్టెలు చేస్తున్న కృప పిండిచేతులతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది?" అంది. థామస్ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"ఆరు సెకన్లే అవ్వా," అంది వినోద. "మాట సక్కగ తెలుస్తదో లేదో. నేను పూర్తిగ వినలే. నీ ముందటనే వింట." తన పనిని తాను వినకుండా ఇంకొకరి ముందు పెట్టడం వినోదకు ఇదే మొదటిసారి.

మీట నొక్కింది.

హోరు. ఆ తర్వాత, పొద్దుటి నుంచి అక్కమ్మ అడుగుతున్న గొంతు.

"కృపమ్మా... అక్కికి చెప్పకు. కుడిచెయ్యి రెండుమాట్లు తిమ్మిరెక్కి పడిపాయె. నన్ను దవాఖానకు..."

అక్కడితో తెగిపోయింది.

అక్కమ్మ మొహం ముందు వెలిగింది. రామి గొంతు కదా, ఏమన్నదో తర్వాత. మాట విన్న వెలుగు కాదది, మనిషిని చూసిన వెలుగు. వినోద దాన్ని చూసింది. ఆ మొహం కోసం తాను ఇంకో మూడు రోజులు తిట్లు తినడానికి కూడా సిద్ధమే అనుకుంది. ఆ తర్వాత, వెనకబడి వచ్చినట్టుగా, మాటల అర్థం ఆ మొహం మీదికి వచ్చింది.

"మళ్ల పెట్టు."

పెట్టింది.

"మళ్ల."

మూడోసారి అయ్యాక అక్కమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుంది. "మేకలు కుప్ప మీద వడ్డది కంది కోతలప్పుడు. పోయినేడు గాదు, గంతకు ముందటేడు. రామి పడ్డది పోయిన చలికాలం." వేళ్లు మూసింది. "నడుమల ఏడాది ఉండె."

థామస్ స్పీకరు వైపే చూస్తున్నాడు. సౌందర్య వినోద చెయ్యి పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు.

అక్కమ్మ మెల్లగా వంటింటి గుమ్మం వైపు తిరిగింది.

"నీకే చెప్పింది గద కృపమ్మా. పేరు పెట్టి పిలిచింది నిన్ను."

"అక్కకు తెల్వదవ్వా," అంది వినోద. తన తప్పు ఇంకొకరి మీద పడకూడదని ఆమె ఆరాటం. "అక్క వినలేదని పొద్దుగాలనే చెప్పింది. రెండేండ్లు వినకుంటనే..."

"వినోదా, ఆగు."

కృప గొంతు మామూలుగానే ఉంది. గుమ్మాన్ని పట్టుకున్న చోట తెల్లగా అయిదు వేళ్ల పిండి అంటింది. ఈ ఇంటికి ఎవరు ఏ దిగులుతో వచ్చినా ముందు అన్నం పెట్టి తర్వాత అడిగే మనిషి ఆమె. ఆ చేతులు ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు.

"విన్న," అంది. "పొద్దుగాల చెప్పింది అబద్ధం. మీ ఇంటి నుంచి వచ్చిన మర్నాడే, నాలుగు నిమిషాలూ విన్న."

లోపల పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. అక్కమ్మ లేచి, మూడడుగులు వేసి, కృప ఎదురుగా నిలబడింది. ఆమె కృప భుజం దాకా కూడా రాదు.

"విని?" అని అడిగింది.